సంపులో నీళ్లు మారినా తొట్టిలో నీళ్లు మారకుండా

మా బాబాయికి భీమవరం దగ్గర నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. ఉదయం ఆరు గంటలకు ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి ఆయన పీహెచ్, అంటే నీటిలో ఆమ్లగుణం ఎంతో చెప్పే అంకె, చూస్తారు. రెండింటికీ మధ్య తేడా అర పాయింటు దాటిందంటే ఆ పూట ఆయనకు అన్నం సహించదు. కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో నేను మొక్కలతో చేపల తొట్టి పెట్టుకున్న మొదటి ఏడాది, చేపలు ఒకదాని వెనుక ఒకటి చనిపోతుంటే ఆయనకే ఫోను చేశాను. అప్పటికి నా దగ్గర పీహెచ్ తగ్గించే మందు ఒకటి, పెంచే మందు ఒకటి ఉన్నాయి. రోజు విడిచి రోజు ఏదో ఒకటి పోస్తున్నాను. ఆయన అంతా విని, “ఆల్కలినిటీ ఎంతుందమ్మా?” అని అడిగారు. తెలియదన్నాను. “అది చూడకుండా పీహెచ్ వెంట పరుగెత్తితే నీకూ అలుపే, చేపలకూ అలుపే. ముందు అది చూసి చెప్పు” అన్నారు.

ఆ మాటతోనే నా తొట్టి దారిన పడింది. ఏడేళ్లుగా అదే తొట్టి, అవే క్రిప్టోకొరైన్ మొక్కలు, వాలిస్నేరియా, ఒక గుంపు నియాన్ టెట్రా అనే చిన్న చేపలు. నేను ఏం చేస్తానో, ఎందుకు చేస్తానో అంకెలతో సహా చెబుతాను. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ జీవితానికి సరిపడా రాస్తున్నాను కాబట్టి మీ నీళ్ల అంకెలు వేరుగా ఉండవచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు మూడు అంకెలు

అక్వేరియం వాళ్లు కేహెచ్ అనేదీ, రొయ్యల రైతులు ఆల్కలినిటీ అనేదీ మన అవసరానికి ఒకటే. నీటిలో కరిగిన బైకార్బనేట్ ఎంత ఉందో చెప్పే లెక్క అది. రైతులు పీపీఎంలో, అంటే లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు, అక్వేరియం కిట్లు డిగ్రీల్లో చూపిస్తాయి. ఒక డిగ్రీ అంటే దాదాపు 18 పీపీఎం. నీటిలోకి ఆమ్లం ఏ దారిన వచ్చినా ముందు ఈ బైకార్బనేట్ దాన్ని మింగేస్తుంది. అది మిగిలి ఉన్నంత కాలం పీహెచ్ నెమ్మదిగా కదులుతుంది. అది నిండుకుంటే ఒక్క రాత్రిలో కూలిపోతుంది. తొట్టిలో ఆమ్లం రోజూ తయారవుతూనే ఉంటుంది. ఫిల్టర్‌లోని బాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి వచ్చే ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్‌గా మార్చాలంటే సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అంటే చేపలకు వేసే ప్రతి చిటికెడు మేతా చివరికి కేహెచ్‌ను కొంత తినేస్తుంది.

రెండోది జీహెచ్, అంటే నీటి గట్టిదనం. ఇది కాల్షియం, మెగ్నీషియంల లెక్క. మొక్కల కొత్త ఆకులు ముడుచుకుని, వంకరగా వస్తుంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. కేహెచ్, జీహెచ్ ఒకదానితో ఒకటి కలిసి నడవాలని ఏమీ లేదు. ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

మూడోది టీడీఎస్, కరిగిన లవణాల మొత్తం, ఇదీ పీపీఎంలోనే. పెన్నులాంటి మీటరు నీటిలో ముంచితే అంకె చూపిస్తుంది. ఏ లవణం ఎంత ఉందో అది చెప్పదు. కానీ నిన్నటికీ ఇవాళ్టికీ ఏదో మారిందని అన్నిటికంటే ముందు చెప్పేది అదే. అందుకే నా చెయ్యి రోజూ దాని మీదికే పోతుంది.

పీహెచ్ నాలుగోది. దాన్ని చూస్తాను, నోటుపుస్తకంలో రాసుకుంటాను, సరిదిద్దబోను. చూసేది కూడా ఎప్పుడూ ఒకే వేళకు. దీపం వెలుగుతున్నప్పుడు మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తాయి కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది, రాత్రంతా చేపలూ మొక్కలూ ఊపిరి వదలడంతో తెల్లవారేసరికి తగ్గుతుంది. నిన్న పొద్దున చూసిన అంకెను ఇవాళ సాయంత్రం అంకెతో పోల్చి కంగారు పడితే లాభం లేదు.

కేహెచ్, జీహెచ్‌లకు కాగితపు పట్టీలు వద్దు, చుక్కల కిట్లు కొనండి. 5 మిల్లీలీటర్ల నీటిలో రంగు మారేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. నేను 10 మిల్లీలీటర్లు తీసుకుని వచ్చిన చుక్కలను సగం చేస్తాను. దానితో అర డిగ్రీ తేడా కూడా తెలుస్తుంది.

ఆమ్లం పోసినప్పుడు జరిగేది

మా బోరు నీటి కేహెచ్ 15. అలాంటి నీటిలో నిమ్మరసం పిండినా, దుకాణంలో అమ్మే పీహెచ్ తగ్గించే మందు పోసినా మొదట పీహెచ్ తగ్గినట్టే కనిపిస్తుంది. ఆమ్లానికీ బైకార్బనేట్‌కీ మధ్య చర్య జరిగి కార్బన్ డయాక్సైడ్ పుట్టడం వల్ల వచ్చిన తగ్గుదల అది. ఆ వాయువు గాలిలోకి పోగానే, మర్నాటికల్లా పీహెచ్ దాదాపు మొదటి చోటికే చేరుతుంది. మనం మళ్లీ పోస్తాం. ఇలా కొన్నాళ్లు సాగాక బైకార్బనేట్ అయిపోతుంది. అప్పుడు అదే మూతెడు మందు పోస్తే పీహెచ్ 7.5 నుంచి 5.5కు జారుతుంది. మొదటి ఏడాది నా చేపలు పోయింది ఇలాగే. బాదం ఆకులు వేసినా ఇంతే. మెత్తటి నీటిలో అవి పీహెచ్‌ను కాస్త దించుతాయి. కేహెచ్ 15 ఉన్న నీటిలో నీటికి టీ రంగు ఇస్తాయి, అంతే. పీహెచ్ తగ్గి నిలకడగా ఉండాలంటే కేహెచ్ తక్కువున్న నీళ్లు పొయ్యాలి. మరో దారి లేదు.

సంపులోకి ఏ నీళ్లు వస్తున్నాయి?

తొట్టి నీటి గురించి రాసేవాళ్లలో చాలామంది “మీ కుళాయి నీళ్లు” అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మా కుళాయిలో వచ్చేది ఒక రకం నీళ్లు కాదు. జలమండలి నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు అన్నీ ఒకే సంపులో కలిసి పైకి ఎక్కుతాయి. నేను కొలిచినప్పుడు జలమండలి నీటి టీడీఎస్ 260, కేహెచ్ 7, జీహెచ్ 8. బోరుది 900, 15, 24. ట్యాంకర్‌కు లెక్కే లేదు, ఏ బోరు దగ్గర నింపితే ఆ అంకె. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది, వేరే ఆధారం లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. 600 అంటే 33 డిగ్రీల పైమాటే. కాబట్టి “తాగే నీళ్లే కదా” అన్న ధీమా మనకు పనికిరాదు.

మా వాచ్‌మన్ నాకు చేసే మేలు ఇంతా అంతా కాదు. ట్యాంకర్ వచ్చిన రోజు, “అమ్మా, ఇవాళ ట్యాంకర్ పోయించాం” అని ఫోను చేసి చెబుతాడు. సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు కూడా చెబుతాడు. అలాంటప్పుడు రెండు రోజులు నేను తొట్టి జోలికి పోను. మామూలు రోజుల్లోనూ జలమండలి నీటిలో క్లోరిన్ ఉంటుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని అదే ప్రమాణం చెబుతుంది. మన ఆరోగ్యానికి అది కావాలి, ఫిల్టర్‌లోని బాక్టీరియా మాత్రం దానికి చచ్చిపోతుంది. బకెట్టు నీళ్లు ఒక రోజు మూత తీసి ఉంచుతాను, పొయ్యబోయే ముందు యాంటీ క్లోరిన్ చుక్కలు కూడా వేస్తాను. ఫిల్టర్ స్పాంజిని ఎప్పుడూ తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండుతాను, కుళాయి కింద కాదు.

ఇక సాఫ్ట్‌నర్. ఈ ఒక్క విషయం తెలియక నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను. చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీటి గట్టిదనం పోవడానికి కింద సాఫ్ట్‌నర్ పెడతారు. అది కాల్షియం, మెగ్నీషియంలను తీసుకుని బదులుగా సోడియం వదులుతుంది. గీజరుకు మంచిదే. కానీ బైకార్బనేట్ ఎక్కడికీ పోదు. ఆ నీటిని పరీక్షిస్తే జీహెచ్ 1, కేహెచ్ 15 వచ్చింది. టీడీఎస్ కూడా తగ్గలేదు. సబ్బు చక్కగా నురగ వస్తోంది కాబట్టి మెత్తటి నీళ్లని నమ్మాను. పీహెచ్ 8.2 దగ్గర కూర్చుంది, మొక్కలకు కాల్షియం లేదు, చిగుళ్లన్నీ మెలికలు తిరిగాయి. ఇప్పుడు సెల్లార్‌లో సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి దగ్గర, మొక్కలకు పట్టే పైపు నుంచి బకెట్టు నింపుకుంటాను. మీ అపార్ట్‌మెంట్‌లోనూ అలాంటి కుళాయి ఉందేమో అడగండి.

బకెట్టు లెక్క

నా లక్ష్యం కేహెచ్ 4, జీహెచ్ 6 నుంచి 7. టెట్రాలకూ, క్రిప్టోకొరైన్‌కూ ఇది హాయిగా ఉంటుంది. పీహెచ్‌ను నిలబెట్టడానికీ సరిపోతుంది. ఇందుకు కుళాయి నీటిలో ఆర్‌ఓ నీళ్లు, అంటే మెషీన్ లవణాలను దాదాపుగా తీసేసిన నీళ్లు, కలపాలి. లక్ష్యాన్ని కుళాయి కేహెచ్‌తో భాగించి, బకెట్టు లీటర్లతో గుణించండి. బోరు నీళ్లయితే 4ను 15తో భాగించి 20తో గుణిస్తే 5.3. అంటే 20 లీటర్ల బకెట్టులో అయిదుంపావు లీటర్ల బోరు నీళ్లు, మిగిలింది ఆర్‌ఓ. జీహెచ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గి 6.4కు వస్తుంది, ఇంకేమీ కలపనక్కర్లేదు. జలమండలి నీళ్లయితే పదకొండున్నర లీటర్లు కావాలి. అప్పుడు జీహెచ్ నాలుగున్నర దగ్గర ఆగిపోతుంది. ఆ లోటుకు బకెట్టులో 0.6 గ్రాముల జిప్సం, 0.9 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపితే చెరొక డిగ్రీ చేరుతుంది. జిప్సం త్వరగా కరగదు, ముందు రాత్రే వేసి నాలుగైదుసార్లు కలియబెట్టాలి. గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా లేకుండా ఈ పనులు పెట్టుకోకండి.

ఆర్‌ఓ నీళ్లంటే సున్నా అనుకోవద్దు. వంటింటి మెషీన్లలో చాలావాటికి రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. మా మెషీన్ నీటి టీడీఎస్ 40. 20 లీటర్ల క్యాన్ నీళ్లు తెచ్చుకునేవాళ్లు కూడా ఒకసారి మీటరు ముంచి చూసుకోవాలి. మెషీన్ పక్క పైపులోంచి వదిలేసే నీటిలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. అది ఇల్లు తుడవడానికే, తొట్టికి కాదు.

తొట్టిలో ఎన్ని లీటర్లు ఉన్నాయో కూడా నిజంగా తెలియాలి. నాది 30 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు. కొలతల ప్రకారం 110 లీటర్లు. మట్టీ రాళ్లూ పరిచాక బకెట్టుతో లెక్కపెట్టి నింపితే పట్టింది 90. మందులూ లవణాలూ అన్నీ ఆ 90కే లెక్క వేస్తాను.

ఆదివారం ఉదయం 20 లీటర్లు తీసి 20 లీటర్లు పోస్తాను. గొట్టానికి సన్నటి కుళాయి బిగించి, బకెట్టును ఎత్తులో పెడితే అరగంటలో నెమ్మదిగా దిగుతుంది. పొయ్యడానికి ముందు రెండు నీళ్ల వేడినీ చేత్తో కాదు, థర్మామీటరుతో చూడండి. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి స్నానానికి కూడా పనికిరానంత కాగుతాయి.

వారం వారం పరీక్షించినప్పుడు కేహెచ్ 3.5కు దిగి ఉంటే వంట సోడా వాడతాను. 100 లీటర్లకు 3 గ్రాములు ఒక డిగ్రీ పెంచుతుంది. నా 90 లీటర్లకు అర డిగ్రీ కావాలంటే 1.3 గ్రాములు. గ్లాసు నీటిలో కరిగించి ఫిల్టర్ నీళ్లు పడే చోట పోస్తాను. రోజుకు ఒక డిగ్రీకి మించి పెంచను. డబ్బా మీద పేరు చదువుకోండి: బేకింగ్ పౌడర్ వేరు, అందులో ఆమ్లమూ పిండీ కలిసి ఉంటాయి.

మే నెల

ఎండాకాలంలో తొట్టి 32 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీల నీరు లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే 30 డిగ్రీల నీరు 7.6 మాత్రమే పట్టుకుంటుంది. అందుకని నీటి పైకి చిన్న ఫ్యాను పెడతాం. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ రోజుకు లీటరు నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. ఆ లోటును 900 టీడీఎస్ బోరు నీటితో పూడిస్తే నెలకు 30 లీటర్లతో పాటు 27 గ్రాముల లవణం తొట్టిలోకి చేరుతుంది. 90 లీటర్లలో అది 300 టీడీఎస్ పెరగడంతో సమానం.

మూడో ఏడాది ఎండాకాలంలో నేను చేసింది ఇదే. ఏప్రిల్‌లో 270 ఉన్న టీడీఎస్ జూన్ మొదటికి 610 అయింది. నెమ్మదిగా పెరగడం వల్ల చేపలు అలవాటుపడి బాగానే తిరుగుతున్నాయి. అంకె చూసి నేనే బెదిరిపోయాను. ఒకే సాయంత్రం సగానికి పైగా నీళ్లు తీసి ఆర్‌ఓ నీళ్లు నింపాను. తెల్లవారేసరికి పన్నెండు టెట్రాల్లో ఎనిమిది అడుగున పడి ఉన్నాయి. వారం తిరిగేలోగా క్రిప్టోకొరైన్ ఆకులన్నీ కరిగి జిగురైపోయాయి. మంచి నీళ్లే పోశాను. చేప ఒంట్లోని లవణానికీ బయటి నీటి లవణానికీ ఉన్న పొందిక ఒక్క రాత్రిలో తెగిపోయింది. 610తో ఇంకో నెల ఉన్నా అవి బతికేవి. ఆ ఎనిమిది చేపల సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇప్పుడు తొట్టి అద్దం మీద గీత పెట్టాను. రోజూ ఆ గీత దాకా ఆర్‌ఓ నీళ్లే పోస్తాను, అందులో ఏమీ కలపను. టీడీఎస్ ఎక్కువైనా తక్కువైనా వారానికి 50కి మించి జరపను. క్రిప్టోకొరైన్ ఎప్పుడైనా అలా కరిగితే పీకి పారెయ్యకండి. వేళ్లు బతికే ఉంటాయి, నీళ్లు నిలకడగా ఉంటే నెలా రెండు నెలల్లో మళ్లీ ఆకు తొడుగుతుంది.

చాలాకాలం వదిలేసిన తొట్టికి ఇంకో ప్రమాదం ఉంది. కేహెచ్ పడిపోయి పీహెచ్ 6 దగ్గర ఉంటే బాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. కానీ ఆ పీహెచ్‌లో అది దాదాపు పూర్తిగా అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలు తట్టుకుంటాయి. పాపం మురికిగా ఉందని ఒకేసారి పీహెచ్ 8 నీళ్లు పోస్తే, 30 డిగ్రీల వేడిలో దానిలో నూటికి ఏడెనిమిది పాళ్లు విషపు అమ్మోనియాగా మారుతుంది. అలాంటి తొట్టిని రోజుకు పది శాతం చొప్పున మార్చుకుంటూ రావాలి.

మొక్కల కోసం ఇచ్చేవి

కార్బన్ డయాక్సైడ్ ఇస్తే పీహెచ్ తగ్గుతుంది, దీనికి భయపడక్కర్లేదు. లవణాలు మారవు కాబట్టి చేపలు దీన్ని తట్టుకుంటాయి. గ్లాసులో తొట్టి నీళ్లు తీసి ఒక రోజు బయట పెట్టి పీహెచ్ చూస్తే అది వాయువు పోయిన నీటి అంకె, నాకు 7.6 వస్తుంది. వాయువు ఇస్తున్నప్పుడు 6.6 దగ్గర ఉంటే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు ఉన్నట్టు. ఒక పాయింటు కంటే ఎక్కువ దించను. దీపానికి రెండు గంటల ముందు మొదలుపెట్టి, దీపం ఆర్పడానికి గంట ముందు ఆపుతాను. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే వెంటనే వాయువు ఆపి ఎయిర్ పంపు పెట్టాలి.

వాయువు ఇవ్వని తొట్టిలో, గట్టి నీటిలో వాలిస్నేరియా, హైడ్రిల్లా బైకార్బనేట్‌నే తినడం మొదలుపెడతాయి. ఆకుల మీద గరుకైన తెల్లటి పొర కనిపిస్తే అది రోగం కాదు, సున్నం. దీపం ఎక్కువ గంటలు వెలుగుతోందని అర్థం. ఏడు గంటలకు తగ్గించండి.

నైట్రేట్ లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉంచుతాను. తగ్గితే ఎరువుల దుకాణంలో రైతులకు అమ్మే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్. 100 లీటర్లకు ఒక గ్రాము వేస్తే నైట్రేట్ లీటరుకు 6 మిల్లీగ్రాములు పెరుగుతుంది, కేహెచ్ కదలదు. యూరియా మాత్రం దగ్గరికి రానివ్వకండి, నీటిలో అమ్మోనియాగా మారుతుంది.

రాళ్ల విషయంలో మన ఊరు అదృష్టవంతమైనది. ఇక్కడి గ్రానైటు నీటిలో ఏమీ కరగదు, కడిగి వేసుకోవచ్చు. విశాఖ తీరంలో ఏరుకొచ్చిన గవ్వలు, పాలరాతి ముక్కలు మాత్రం కరుగుతూ కేహెచ్‌ను, జీహెచ్‌ను పెంచుతూనే ఉంటాయి. అనుమానమున్న రాయి మీద వెనిగర్ చుక్క వేయండి. బుడగలు వస్తే అది సున్నపు రాయి, తొట్టిలోకి వద్దు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు

ఎనిమిది రోజులు భీమవరంలో ఉంటాను. బయలుదేరే ముందు రోజు నీళ్లు మార్చను. మూడు రోజుల ముందే మార్చి, టీడీఎస్ నిలబడిందని చూసుకుంటాను. దీపాన్ని టైమరుతో అయిదు గంటలకు తగ్గిస్తాను, వాయువు ఆపేస్తాను. పెద్ద చేపలకు వారం రోజులు మేత లేకపోయినా ఏమీ కాదు. పక్కింటి వదినగారికి మేత డబ్బా ఇవ్వను, ప్రేమ కొద్దీ ఎక్కువ వేస్తారు. ఆర్‌ఓ నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలు మూడు వరుసగా పెట్టి, “వదినా, రెండు రోజులకోసారి గీత దాకా ఇందులోంచే పొయ్యండి, కుళాయి నీళ్లు ఒక్క చెంబు కూడా వద్దు” అని చెప్పి తాళం ఇచ్చి వెళతాను.